ఎనభై ఏళ్ళ పెళ్ళికొడుకు

పట్టపగలు, శాస్త్రిగారి ఎదుట, నాదస్వరం పెట్టించి మరీ, నిక్షేపంలాంటి ఒక కుటుంబాన్ని తలకిందులు చేయడం ఎలాగో నేర్చుకోవాలనుకునేవాళ్ళు నా దగ్గరికి రండి. ఫీజు లేదు. ఆ విద్యలో నాకు బోలెడంత అనుభవం ఉంది. ఆ రోజు తలపుకొస్తే ఇప్పటికీ నోటిదాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోతుంది. అలా ఆగినప్పుడల్లా మా ఆవిడ నీళ్ళ గ్లాసు నా వైపు జరుపుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్నాయి. మాది కర్ణాటకలో, ఆంధ్రకు ఆనుకుని ఉన్న బాగేపల్లిలో కిరాణా అంగడి. మా తాత లేచిన చోట మా నాన్న కూర్చున్నాడు, మా నాన్న లేచిన చోట నేను కూర్చోవాలి. మా ఇంట్లో ఇది చర్చించే విషయం కాదు. నాకేమో బెల్లం తూచడమన్నా, చింతపండు గింజలు తీయించడమన్నా ఒళ్ళుమంట. బి.కాం. పాసై, బెంగళూరు వెళ్ళి, నాలుగు రోజులపాటు కౌన్సెలింగ్ శిక్షణ పొంది సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. మనుషుల మాట ఓపిగ్గా వినాలని అక్కడ చెప్పారు. మనుషుల ముఖం చూస్తే చాలు, మాటతో పనిలేదని నేను సొంతంగా అభివృద్ధి చేసుకున్నాను.

చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, ఒక వృద్ధాశ్రమం ఉండేది. దానికి మేనేజరు కావాలని తెలిసి పరుగెత్తాను. కార్యదర్శి రామచంద్రయ్యగారు రిటైరైన హైస్కూలు హెడ్‌మాస్టరు. నా సర్టిఫికెట్టును ముందూ వెనకా తిప్పి చూసి పక్కన పెట్టారు.

"చూడప్పా, ఉగాది దాకా నిన్ను పెట్టుకొంటాం. ఈడుండే పెద్దోళ్ళు నిన్ను ఉండమంటే ఉంటావు. వద్దంటే బాగేపల్లి బస్సెక్కుతావు. నా కాడ ఇంకో పరీక్ష లేదు."

ఇంట్లో చెబితే మా నాన్న తల కూడా ఎత్తలేదు. "పోనీలేమే, ఉగాదికి వచ్చేస్తాడు. అంతలోపల కొత్త చింతపండు గూడా వస్తాది" అన్నాడు మా అమ్మతో.

ఆ మాటకు నా రక్తం ఉడికిపోయింది. ఉగాదిలోగా ఆ ఆశ్రమంలో ఎవరూ చేయని పని చేసి చూపిస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు మాత్రం అక్షరాలా నిలబెట్టుకున్నాను. నేను చేసిన పని భూమ్మీద అంతకుముందు ఎవరూ చేసి ఉండరు.

చేరిన మర్నాడు పొద్దున్నే పెద్ద గొంతులు విని నిద్రలేచాను.

"స్నానానికి వేన్నీళ్ళు పెడ్తామని చెప్పి చన్నీళ్ళు పోసిన వంశం మీది!"

"మావాళ్ళు చన్నీళ్ళన్నా పోసిరి. బస్సు దిగుతానే అలిగి, చెట్టుకింద కూచున్న వంశం మీది!"

లుంగీ సర్దుకుని బయటికొచ్చాను. వరండాకు ఈ కొసన కుర్చీలో ఒక తాత, ఆ కొసన కుర్చీలో ఒక అవ్వ. తాత పేరు అశ్వత్థప్ప. గూళూరు దిక్కున సేద్యం చేసి, బోరుబావులు ఒకటొకటే ఎండిపోయాక ఇక్కడికి వచ్చినవాడు. దళసరి కళ్ళద్దాలు, వాటి వెనక ఇంతింత కళ్ళు. అవ్వ పేరు లక్ష్మీదేవమ్మ, పాతపాళ్యం మనిషి. నుదుట పెద్ద కుంకుమబొట్టు, మెడలో పసుపుతాడు, గొంతు మైకు అక్కర్లేని గొంతు. మధ్యలో కూర్చున్న మిగతా వృద్ధులు కాఫీ తాగుతూ, ఈ కొసకూ ఆ కొసకూ మార్చి మార్చి చూస్తున్నారు. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యమన్నది లేదు.

వంట చేసే గంగులమ్మను పట్టుకున్నాను. "రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతేనప్పా. ముప్పై ఏండ్లనాటి పెండ్లి కత. అది చెప్పుకోకుంటే వాళ్ళకి కాఫీ దిగదు. వాళ్ళిద్దరూ వచ్చి..."

"చాలమ్మా, అర్థమైంది" అని చెయ్యెత్తాను.

ఈ చెయ్యెత్తడం గురించి మీకు చెప్పాలి. ఎదుటివాళ్ళు వాక్యం ముగించేలోగా చెయ్యి అడ్డంపెట్టి ఆపడం ఆ రోజుల్లో నాకున్న గొప్ప కళ. సగం మాటకే మొత్తం గ్రహించే మేధావినని నా నమ్మకం. గంగులమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, రాగిముద్ద కెలకడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ నా పరిశోధన మొదలైంది. ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడు, 'ఆయమ్మ' అంటాడు. ఆమె ఆయన పేరు పలకదు, 'ఆయప్ప' అంటుంది. మన పెద్దవాళ్ళలో ఒకరి పేరు ఒకరు పలకనిది ఎవరో మీకూ తెలుసు కదా? పొద్దున అంత తిట్టిన మనిషి, మధ్యాహ్నం తన ఊరగాయ సీసాలోంచి ఒక ముక్క గంగులమ్మచేత ఆయన కంచానికి పంపుతుంది. ఆయన ఆ ముక్క తిని, చెయ్యి నాకి, "ఉప్పు ఎక్కువాయె" అంటాడు. ఇది కాపురం కాకపోతే ఇంకేమిటో మీరే చెప్పండి.

అసలు సాక్ష్యం ఇంకా ఉంది. అశ్వత్థప్ప తాత గదిలో గోడకు ఒక కుర్రవాడి ఫోటో ఉంది.

"ఎవరు తాతా?"

"నా మనవడప్పా. ఇంజనీరింగు చదవతాండాడు" అన్నాడు ఛాతీ విరిచి.

పక్క గదిలో లక్ష్మీదేవమ్మ అవ్వ గోడకూ అదే కుర్రవాడు, అదే ఫోటో.

"నా మనవడప్పా. అచ్చం మావాళ్ళ పోలికే. వీడు మా..."

చెయ్యెత్తాను. "తెలుసవ్వా, అంతా తెలుసు."

మనవడు ఒకడే. గదులు రెండు. ఆమె గదిలో రెండు మంచాలు ఉన్నాయి. ఒకదానిమీద ఆమె పడుకుంటుంది. రెండోదానిమీద ఎవరూ లేరు, కానీ ఉతికిన దుప్పటి పరిచి, దిండు సర్ది ఉంది. నేను ఆ మంచాన్నే చూస్తుంటే ఆమె దుప్పటి కొస లాగి సరిచేసింది.

"వస్తాడులేప్పా. ఎన్నాళ్ళని అట్ల వేరేగా ఉంటాడు? వచ్చినప్పుడు దుమ్ము కొట్టుకోని ఉంటే బాగుంటాదా?"

నేను ఆ గదిలోంచి బయటపడి, నీళ్ళ తొట్టి వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఒకే గోడకు అటూ ఇటూ ఇద్దరు ముసలి భార్యాభర్తలు! మధ్యలో అడ్డుపడింది ఏ ముప్పై ఏళ్ళనాటి చన్నీళ్ళో! నాలుగు రోజులు కౌన్సెలింగ్ నేర్చుకుని నేను బతికుండగా ఇలా జరగడానికి వీల్లేదనుకున్నాను.

ముందుగా తాత మనసు తెలుసుకోవాలని సాయంత్రం ఆయన పక్కన చేరాను.

"తాతా, ఆమె అంటే మీకు లోపల గౌరవం ఉంది కదా?"

"లేకేమప్పా! ఆయమ్మ చేతి వంటకు ఈ జిల్లాలో పోటీ లేదు. నోరొక్కటే. ఆ నోరు లేకుంటే సాక్షాత్తు మహాలచ్చిమి."

"మరి ఆ మాట ఆమెతోనే అనొచ్చు కదా?"

తాత కళ్ళద్దాల వెనక కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. "ఏమప్పా, నేను మగపెండ్లివారి మనిషిని! నేను ముందుగా తగ్గాల్నా? ఆయమ్మ వచ్చి ఒక్క మాట అననీ, చూస్తాం."

చూశారా? ఇద్దరికీ కలవాలనే ఉంది. కలిపేవాడే లేడు. మాటల్లో మాటగా అడిగితే, మాఘమాసం వెళ్ళేలోగా ఆయనకు ఎనభై నిండుతాయని తెలిసింది. నా బుర్రలో నాదస్వరం మోగింది. ఎనభై నిండినప్పుడు హోమం చేసి, భర్త చేత భార్యకు మళ్ళీ తాళి కట్టించడం మన దిక్కున ఉన్నదే. పదిమందిలో తాళి కట్టాక మళ్ళీ వేరే గదికి ఎలా వెళతాడు?

అయితే ముందే చెబితే ఇద్దరూ బిగుసుకుంటారు. అందుకని తాళి సంగతి గుండెలో దాచుకుని, భోజనాల దగ్గర సగం మాత్రమే ప్రకటించాను. "అశ్వత్థప్ప తాతకు ఎనభై నిండుతున్నాయి. మనమందరం కలిసి పండగ చేద్దాం!"

అందరూ చప్పట్లు కొట్టారు. రామచంద్రయ్యగారు ఆ రోజు మొదటిసారి నా భుజం తట్టారు. "బాగుండాదప్పా ఆలోచన. హోమం పెట్టించు, ఓళిగలు చేయించు." మా దిక్కున బొబ్బట్లను ఓళిగలంటారు.

లక్ష్మీదేవమ్మ అవ్వ లేచి నిలబడింది. "ఆయప్పకు పండగంటే నేను పట్టుచీర కట్టాల్సిందే. లేకుంటే రేపు మా ఇంటి మర్యాద ఏమయితాది?"

ఎంత పతిభక్తి, అనుకున్నాను.

రామచంద్రయ్యగారి దగ్గర నంబరు తీసుకుని, తాతగారి కొడుకు నాగరాజుకు బెంగళూరికి ఫోను చేశాను.

"మీ నాన్నగారి ఎనభయ్యో పండగ. మీ దంపతులిద్దరూ తప్పకుండా రావాలి."

"వస్తాం సార్! ఎంత మంచి పని చేస్తాండారు! మా మామ గూడా ఈడే ఉండాడు. ఆయనకు వచ్చి..."

"మామగారేం, ఊరందరినీ తీసుకురండి!" అని పెట్టేశాను. ఫోనులో చెయ్యెత్తడానికి వీలుకాక పెట్టేయాల్సి వచ్చింది.

చింతామణి బజారులో, నా మొదటి జీతంతో, రెండు చిన్న బంగారు బిళ్ళల తాళి కొన్నాను. చిక్కబళ్ళాపురం నుంచి సేవంతి మాలలు తెప్పించాను. చింతామణిలోనే ఒక శాస్త్రిగారిని మాట్లాడి, అసలు సంగతి ఆయన ఒక్కడికే చెప్పాను.

"హోమం అయినాక మాంగల్యధారణ కూడా ఉంటుంది స్వామీ. కాని ఎవరికీ చెప్పకండి. అందరూ ఆశ్చర్యపోవాలి."

"ఆయన సహధర్మచారిణి ఉండారు గదా?"

"పక్క గదిలోనే ఉన్నారు స్వామీ."

అందరూ ఆశ్చర్యపోవాలన్న నా కోరికను దేవుడు ఎంత శ్రద్ధగా విన్నాడో ఇప్పుడు చెబుతాను.

పండగ రోజు ఆశ్రమం కళకళలాడింది. షామియానా వేశాం. ఇద్దరు నాదస్వరంవాళ్ళు, ఒక డోలువాడు. వృద్ధులందరూ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని కుర్చీల్లో బారుగా కూర్చున్నారు. అశ్వత్థప్ప తాత కొత్త పంచె, తలకు రుమాలు చుట్టుకుని పీటమీద కూర్చుని, పొగకు కళ్ళు తుడుచుకుంటూ హోమంలో నెయ్యి వేస్తున్నాడు. పూలు నింపిన పళ్ళెంలో, పూలకింద, నా తాళి ఉంది. నేను దాన్ని పది నిమిషాలకోసారి తడిమి చూసుకుంటున్నాను.

"అమ్మగారిని పిలిపించండి" అన్నారు శాస్త్రిగారు.

నేను లక్ష్మీదేవమ్మ అవ్వ కుర్చీ దగ్గరికి వెళ్ళాను. ఆకుపచ్చ పట్టుచీరలో మెరిసిపోతోంది.

"అవ్వా, రండి. తాత పక్కన పీట వేశాం."

"నేనా? నేనేంటికప్పా ఆడ?"

"సంప్రదాయం అవ్వా."

"మా దిక్కున ఇట్లాంటిది యాడా చూడలేదే!"

"బెంగళూరులో ఇలాగే చేస్తారు."

బెంగళూరు పేరు చెబితే మా దిక్కున ఇంక ఎదురు అడగరు. ఆమె గొణుక్కుంటూ వచ్చి, పీటను జానెడు దూరం లాక్కుని, అంచుమీద కూర్చుంది. ఇద్దరి మెడల్లోనూ మాలలు వేయించాను. కుర్చీల్లో గుసగుస మొదలైంది. వెనక గంగులమ్మ గరిటె పైకెత్తి నా వైపు గట్టిగా ఊపుతోంది. ఓళిగలు సిద్ధమన్నమాట అనుకుని నేను కూడా చెయ్యి ఊపాను. ఆమె గరిటెతో తన తలమీద కొట్టుకుంది. పాపం, పని ఒత్తిడి అనుకున్నాను.

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. నాగరాజు దిగాడు, అతని భార్య సుజాత దిగింది. వెనక తలుపు తీసి, నల్లటి కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పెద్దాయనను నెమ్మదిగా చెయ్యిపట్టి దింపుతున్నారు. సమయానికి వచ్చారని నాకు ఆనందం ఆగలేదు. డోలువాడికి సైగ చేశాను. గట్టిమేళం అందుకుంది. శాస్త్రిగారు పూలు తొలగించి, పసుపుతాడు తీసి, అశ్వత్థప్ప తాత చేతిలో పెట్టారు.

తాత దాన్ని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఆ పొగలో ఏం కనబడిందో ఏమో, ఎనభై నిండినవాళ్ళకు వేసే రక్ష అనుకున్నాడు. భక్తిగా కళ్ళకద్దుకుని, మెడ వంచి, తన మెడకే కట్టుకోబోయాడు.

నేను కంగారుగా ముందుకు దూకాను. మేళం మోతకు వినబడదని గొంతు చించుకుని అరిచాను. "మీకు కాదు తాతా! తాళి! అవ్వ మెడలో కట్టండి!"

సరిగ్గా 'తాళి' అన్న మాట దగ్గర నాదస్వరం ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. డోలూ ఆగింది. నా గొంతు ఒక్కటే షామియానా అంతా మోగింది.

హోమంలో పుల్ల చిటపటలాడడం కూడా వినబడింది. తాత చేతిలోని తాడు పామేమో అన్నట్టు కింద పడేశాడు. లక్ష్మీదేవమ్మ అవ్వ నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"ఎవరి మెడలో?"

"మీ మెడలోనే అవ్వా. ఎన్నేళ్ళని ఇలా వేరు వేరు గదుల్లో ఉంటారు..."

"ఓరి నీ నోట్లో మన్ను పడ! ఆయప్ప నా అల్లుడి నాయనరా! మా వియ్యంకుడు!"

నాకు చెవుల్లో హోరు. వియ్యంకుడు! ఆ పెళ్ళి వీళ్ళ పిల్లల పెళ్ళి. ఆ చన్నీళ్ళు ఆడపెళ్ళివాళ్ళు మగపెళ్ళివాళ్ళకు పోసిన చన్నీళ్ళు. ఆ ఒక్క మనవడు ఈయన కొడుకుకూ ఆమె కూతురికీ పుట్టినవాడు. ఇంత తేలికైన లెక్క ఆశ్రమంలో అందరికీ, ఆఖరికి పాలు పోసే ఆయనకు కూడా తెలుసు. ఒక్క బి.కాం. పాసైనవాడికి తప్ప.

నాగరాజు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, ఏం చేస్తాండారు మీరు? మా నాయన మా అత్తకు తాళి కడితే, నేనూ నా పెండ్లామూ ఏమవుతాం?"

కుర్చీల్లోంచి ఒక పెద్దాయన వేళ్ళమీద లెక్కవేసి, ఉదారంగా చెప్పాడు. "అన్నాచెల్లెండ్రప్పా."

సుజాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అయితే నా కొడుక్కి వాళ్ళ నాయన మేనమామ అయితాడే!"

ఇంతలో నల్ల కళ్ళద్దాల పెద్దాయన కర్ర పొడుచుకుంటూ పీటల దాకా వచ్చాడు. అద్దాలు తీశాడు. మాలలు వేసుకున్న ఇద్దరినీ చూశాడు. కిందపడిన తాళిని చూశాడు. మళ్ళీ ఇద్దరినీ చూశాడు.

"ఈయన ఎవరు?" అని పీలగా అడిగాను.

"మా ఇంటాయప్పరా!" అంది లక్ష్మీదేవమ్మ అవ్వ. "కండ్ల ఆపరేషనుకు కూతురింటికి పోయినాడు. నువ్వు వచ్చే ముందే పోయినాడు. ఆ మంచం ఎవరిదనుకొంటివి?"

ఆయన పేరు వెంకటరవణప్ప. ఒక కన్ను, అది మానాక రెండో కన్ను ఆపరేషన్ చేయించుకుని, కూతురింట్లో విశ్రాంతి తీసుకుని ఆ రోజే వస్తున్నాడు. ఆయన కర్ర నేలకేసి కొట్టాడు.

"రెండు కండ్లూ బాగు చేసినాం, ఇంక అన్నీ స్పష్టంగా కనబడ్తాయి పో తాతా అని డాక్టరు చెప్పి పంపిచ్చె. కొత్త కండ్లతో నేను మొదట చూడాల్సింది ఇదేనా?"

"బావా, నాకేమీ తెల్దు బావా!" అశ్వత్థప్ప తాత మాల పీకేస్తూ లేచాడు. "నేను నా మెడకే కట్టుకోబోతి! అడుగు వీళ్ళను!"

"అయ్యో దేవరే! ఏనప్పా ఇదు?" అని రామచంద్రయ్యగారు తల పట్టుకున్నారు. ఆయన కన్నడంలోకి దిగారంటే సంగతి చేయిదాటిందని అర్థం. శాస్త్రిగారు మాత్రం నన్ను చూస్తూ, "పక్క గదిలోనే ఉండారంటివి గదప్పా" అని మంత్రంలా మళ్ళీ మళ్ళీ అంటున్నారు.

లక్ష్మీదేవమ్మ అవ్వ మాల తీసి పీటమీద పెట్టి, తలవంచుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు నాకు ఇక్కడ, గుండెలో తగిలింది. అప్పటిదాకా ఉద్యోగం పోతుందని భయపడుతున్నాను. ఆ క్షణం నుంచి ఉద్యోగం గుర్తు లేదు. అంత పెద్దామెను, అంత ఠీవిగల మనిషిని, అల్లుడి ముందు, కూతురి ముందు, మొగుడి ముందు తలవంచుకునేలా చేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"సాయంత్రం బస్సుంది. సామాను కట్టుకో" అన్నారు రామచంద్రయ్యగారు.

సామాను కట్టుకోవడానికి ముందు ఆమె గది తలుపు దగ్గరికి వెళ్ళాను.

"అవ్వా, తప్పయిపోయింది."

లోపలినుంచి గొంతు వచ్చింది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ఖంగు లేదు.

"ఒక్క మాట అడిగింటే సరిపోతుండె గదప్పా. ఆ ఫొటో ముందర చెప్పబోతి. చెయ్యెత్తితివి. గంగులమ్మ చెప్పబోతే చెయ్యెత్తితివంట. ఈడుండే మాకందరికీ మిగిలింది చెప్పుకొనే మాట ఒక్కటే. అది గూడా వద్దంటే ఎట్ల?"

గోడకు ఆనుకుని ఏడుపు అందుకున్నాను. ఇంతలో నా వెనక కర్ర చప్పుడైంది. వెంకటరవణప్ప తాత నన్ను పక్కకు జరిపి తలుపు కొట్టాడు.

"ఏమే, తలుపు తియ్యి."

"నేను రాను. పదిమందిలో నా మొగం ఎత్తుకోలేను."

"నీదేమి తప్పే? ఎత్తుకోలేంది ఈ పిల్లోడు. వాడు ఈడే నిలబడి ఏడుస్తాండాడు. విను. శాస్త్రి కూచోనుండాడు, హోమం మండతాండాది, తాళి సిద్ధంగా ఉండాది. నాకు అరవై అయినప్పుడు కరువు, చేసుకోలేదు. డెబ్బై అయినప్పుడు నా కాలు విరిగె, చేసుకోలేదు. ఇంక ఎవరు చేస్తారు మనకు? నాకిప్పుడు కండ్లు బాగా కనబడతాండాయి. నిన్ను ఒకతూరి పెండ్లిపీటమీద చూస్తాను, రా."

గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొగుడిని చూసి, "ఆ నల్లద్దాలు పెట్టుకో ముందు, పొగ తగుల్తాది" అంది.

మీకు చెప్పొద్దూ, ఆ తర్వాత జరిగిన పెళ్ళిలాంటి పెళ్ళి నేను చూడలేదు. వెంకటరవణప్ప తాత ముడి వేస్తుంటే కూతురు సుజాత వెనక నిలబడి తల్లి జడ పైకెత్తి పట్టుకుంది. గట్టిమేళం ఈసారి మధ్యలో ఆగలేదు. కుర్చీల్లోని వాళ్ళందరూ లేచి అక్షింతలు వేశారు. నేను షామియానా గుంజ వెనక దాక్కుని ఏడుస్తూ నవ్వుతున్నాను, నవ్వుతూ ఏడుస్తున్నాను.

అంతా సుఖాంతమే అనుకుంటున్నారా? ఒక మనిషిని మర్చిపోయాం. అశ్వత్థప్ప తాత.

"ఎనభై నిండింది నాకు!" ఒక మూల కుర్చీలోంచి కేక వినబడింది. "పండగ నాది, పీట నాది, హోమంలో పొగ తాగింది నేను, మాల నా మెడలోనిది తీసి ఆయప్పకు వేస్తిరి! అన్నీ ఆడపెండ్లోళ్ళు కొట్టుకోని పాయె! నేను ఈడ తిండికి చెయ్యి కడగను!"

అలిగి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. కొడుకు పిలిచాడు, కోడలు పిలిచింది, రామచంద్రయ్యగారు పిలిచారు. తాత తిరగలేదు. ఇంకో ముప్పై ఏళ్ళకు సరిపడా తగవును స్వహస్తాలతో పుట్టించాను.

అప్పుడు కొత్త పెళ్ళికూతురు, అంటే లక్ష్మీదేవమ్మ అవ్వ, మాలతోనే లేచి, విస్తరిలో ఓళిగ వేసి, నెయ్యి పోసి, తానే స్వయంగా ఆ కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"తిను బావా."

తాత గోడనే చూస్తున్నాడు.

"నీ పండగ నీకు జరగలేదు, నిజమే. నా పరువు నాకు పాయె. మా ఇంటాయప్ప గుండె ఆగినంత పనాయె. మన ముగ్గురికీ ఇంత చేసింది ఎవరు? నేనా? మావాళ్ళా? ఆ గుంజ చాటున దాంకోనుండాడు చూడు, వాడు!"

తాత మెల్లగా మెడ తిప్పాడు. దళసరి అద్దాల్లోంచి నన్ను వెదికి పట్టుకున్నాడు. ఏదో ఆలోచించాడు. ఓళిగ తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"అవును గదా వదినా" అన్నాడు. "అసలు వాడు తెచ్చిన తాళి చూస్తివా? అంత సన్నం బిళ్ళలు కూడా ఒక బిళ్ళలా?"

"ఆ మాలలు? నిన్నటి పూలు బావా అవి!"

"నా మెడలో తాళి కట్టిచ్చుంటాడు వదినా వాడు, వదిలేస్తే!"

ఇద్దరూ ఒక్క గొంతుతో మొదలుపెట్టారు. నా చదువు, నా చొక్కా, నా నడక, నా సర్టిఫికెట్టు, నా ఏడు తరాలు. కుర్చీల్లోని వాళ్ళు అన్నం తినడం ఆపి, ఆ కొసకూ ఈ కొసకూ కాకుండా, మొదటిసారి ఒకే వైపు చూస్తున్నారు. ఆ వైపున నేనున్నాను.

సాయంత్రం సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. రామచంద్రయ్యగారు బస్సు వస్తుందేమోనని రోడ్డువైపు చూస్తున్నారు. వెనకనుంచి వియ్యంకుడూ వియ్యపురాలూ, కలిసి, పక్కపక్కనే నడుచుకుంటూ వచ్చారు.

"సార్, వాన్ని పంపిచ్చద్దండి" అంది లక్ష్మీదేవమ్మ అవ్వ.

"ఏంటికమ్మా? ఇంత చేసినాడు గదా!"

"అందుకే పంపిచ్చద్దంటాండాము. ఇన్నేండ్లూ బావా నేనూ ఒకర్నొకరు తిట్టుకొంటిమి. ఈ పొద్దు ఇద్దరమూ కలిసి వీన్ని తిడితే ఎంత సుకంగా ఉండెనో! వీడు పోతే రేపు కాఫీ తాగేటప్పుడు మేము ఎవర్ని తిట్టాల?"

అశ్వత్థప్ప తాత గంభీరంగా తలూపాడు. "నా కాడ ఇంకా శానా మిగిలుండాది సార్. ఉండనీయండి."

ముప్పై ఏళ్ళ తగవు అలా ముగిసింది. మేనేజరు ఉద్యోగం నాకే దక్కింది. దానితోపాటు తిట్లూ దక్కాయి. పొద్దున్నే కుర్చీ వేసుకుని ఇద్దరి మధ్యా కూర్చుని, మొదటినుంచి చివరిదాకా, వాక్యం మధ్యలో అడ్డుపడకుండా వినాలన్నది షరతు. కాఫీ కూడా ఇచ్చేవారు.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, హోమాగ్ని మళ్ళీ రాజేసుకోకుండా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ ఎంత ముచ్చటగా తిట్టుకుంటున్నా సరే, వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో, వాళ్ళ పిల్లలు ఎవరో, ఆ పిల్లల పెళ్ళిలో ఎవరు ఎవరికి చన్నీళ్ళు పోశారో సావకాశంగా అడిగి తెలుసుకునేదాకా ఈ జన్మలో ఎవరికీ పెళ్ళి చేయను. ఒకవేళ అన్నీ తెలిశాక కూడా ఎవరైనా బతిమాలితే, తాళి నా చేతికి మాత్రం ఇవ్వవద్దని ఆ పెళ్ళివారికి ముందుగా నేనే చెప్పేస్తాను.